కాలేజీ కనిపించని కాలేజీ ప్రేమకథ

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. చిన్నప్పటి నుంచీ నవలల పిచ్చి. అందరూ తెగ మెచ్చుకుంటున్న ఒక కాలేజీ ప్రేమ నవల కోసం నెలల తరబడి ఎదురుచూశాను. చివరికి నా ప్రాణస్నేహితురాలే కొనిచ్చింది. మొదటి 60 పేజీలు ఆబగా చదివాను. తర్వాత ఎందుకో ఆసక్తి పోయింది. ముగింపేమిటో ముందే తెలిసిపోయింది. హీరో కోపం, అనుమానం చూస్తే భయమేసింది. 400 పేజీల పుస్తకంలో 214వ పేజీ దగ్గర ఆగి మూడు వారాలైంది. నా స్నేహితురాలు మాత్రం దాన్ని మూడుసార్లు చదివింది. బ్రేకప్ అయి ఏడుస్తున్న రోజుల్లో తనను నిలబెట్టింది ఆ పుస్తకమేనట. నాకు అంతగా నచ్చలేదని నసిగితే, “నువ్వెప్పుడూ ఎవర్నీ ప్రేమించలేదు కదా, నీకు అర్థం కాదులే” అంది. లోపం పుస్తకంలో ఉందా, నాలో ఉందా? ఇష్టం లేకపోయినా పూర్తి చెయ్యాలా? తనకి ఏమని చెప్పాలి?
– పేరు వద్దన్న ఒక పాఠకురాలు

సమాధానం: ముందు మీ స్నేహితురాలు అన్న మాట సంగతి చూద్దాం. ఉత్తరంలో మీరు దాన్ని ఒక్క వాక్యంలో రాసి దాటేశారు గానీ, మీరు నాకు రాయడానికి అసలు కారణం అదేనని నాకనిపించింది. ప్రేమించిన అనుభవం లేనివాళ్ళకి ప్రేమకథ అర్థం కాదన్నది నిజం కాదు. యుద్ధానికి వెళ్ళనివాళ్ళం యుద్ధం కథలు చదివి ఏడుస్తాం. సముద్రం చూడనివాళ్ళం ఓడ మునిగిపోతుంటే ఊపిరి బిగబట్టి పేజీలు తిప్పుతాం. మన అనుభవంలో లేనిదాన్ని అనుభవంలోకి తేవడానికే కదా నవల ఉన్నది. ఆ పని నవల చెయ్యలేకపోతే చదివినవాళ్ళ జీవితంలో లోటు వెతకడం అన్యాయం. ప్రేమ గురించి ఇప్పటికీ ప్రపంచమంతా చదివే నవలలు రాసిన జేన్ ఆస్టెన్ పెళ్ళే చేసుకోలేదు. ఆవిడకి చుట్టూ ఉన్న మనుషుల్ని చూసే కళ్ళున్నాయి. మీకూ ఉన్నాయి. హీరో కోపం చూసి భయమేసిందని రాశారు చూడండి, ఆ భయం పుస్తకం అర్థమైనందువల్ల వచ్చిందే.

మీ ఉత్తరం చేరాక నేనూ ఆ నవల తెప్పించుకుని ఆఖరి పేజీ దాకా చదివాను. పేరు ఇక్కడ రాయడం లేదు. అది రచయిత్రికి మొదటి నవల, పైగా మనం మాట్లాడుకోబోయే లోపాలు ఆ ఒక్క పుస్తకానివే కావు. ఇతర పాఠకుల కోసం కథ క్లుప్తంగా చెబుతాను. సాహిత్యం చదివే అమ్మాయి, యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్ కెప్టెన్. ఎదురుపడిన మొదటి రోజే గొడవ. ఒక ప్రాజెక్టులో ఇద్దరినీ జోడీగా వేస్తారు. పాత ప్రియురాలిని ఉడికించడానికి అతనికి, తనని ఎవరూ పట్టించుకోవడం లేదన్న బాధ పోవడానికి ఆమెకి ఒక నాటకం కావాలి. ప్రేమికుల్లా నటిద్దామని ఒప్పుకుంటారు. నటన కాస్తా నిజమవుతుంది.

ఇలాంటి కథలు మీరూ నేనూ బోలెడు చదివి ఉంటాం. అయినా అది తప్పు కాదు. ముగింపు ముందే తెలిసిపోయిందని మీరు రాశారు. రొమాన్స్ నవలకి అది లోపం కింద రాదు. అమెరికాలో 1980లో ఏర్పడిన రొమాన్స్ రచయితల సంఘం ఈ రకం నవలకి చెప్పిన నిర్వచనంలో రెండే అంశాలున్నాయి: కథకి కేంద్రంగా ఒక ప్రేమ ఉండాలి, ముగింపు మనసుకి తృప్తినిచ్చి ఆశ కలిగించేదిగా ఉండాలి. అంటే వాళ్ళిద్దరూ కలుస్తారన్న హామీ తీసుకునే మనం మొదటి పేజీ తెరుస్తాం. కలుస్తారా లేదా అన్నది తేలిపోయాక, ఈ ఇద్దరే ఎందుకు, కలవడానికి ఎవరు ఏం మారాలి అన్న ప్రశ్నలు మిగులుతాయి. మంచి రొమాన్స్ ఆ ప్రశ్నలతోనే మనల్ని కూర్చోబెడుతుంది. మీకు విసుగొచ్చింది ముగింపు తెలిసినందుకు కాదు, దారిలో చూడ్డానికి ఏమీ లేనందుకు.

అసలు ఆ 60 పేజీలు మీకెందుకు నచ్చాయి? నేను వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాను. అందులో లైబ్రరీ సన్నివేశం ఒకటుంది, మీకు గుర్తుండే ఉంటుంది. మర్నాడు పరీక్ష. కూర్చోవడానికి ఇంకెక్కడా చోటు లేక ఇద్దరూ ఒకే బల్ల దగ్గర సర్దుకుంటారు. ఒకళ్ళంటే ఒకళ్ళకి పడదు కాబట్టి మాటల్లేవు. ఆమె పెన్ను అయిపోతుంది. అతను తలెత్తకుండానే తన పెన్ను బల్ల మీద ఇటు తోసి, బ్యాగులోంచి పెన్సిల్ తీసుకుని రాసుకుంటాడు. అంతే. నాకు ఆ పుస్తకం మొత్తంలో ప్రేమ కనిపించింది ఆ పేజీలోనే. ఎందుకంటే అతనికీ మర్నాడు పరీక్షే. తనకి అవసరమైనదాన్ని ఆమెకిచ్చాడు.

ఆ తర్వాత పరీక్షలు ఏమయ్యాయి? వెతికి చూడండి. 70వ పేజీ దాటాక ఒక్క క్లాసు జరగదు. ఆమె సాహిత్యం విద్యార్థిని, టాపర్ అని పదిసార్లు చెప్పారు గానీ 400 పేజీల్లో ఒక్క పుస్తకం తెరవదు. ఏం చదువుతోందో, ఏ రచయిత అంటే ప్రాణమో, ఏ పద్యం తలకెక్కక తిట్టుకుందో మనకి తెలియదు. అతను కెప్టెన్ గానీ ప్రాక్టీసు చేసి అలిసిపోయి పడుకున్న రోజు ఒక్కటీ లేదు. ఓడిన మ్యాచ్ గురించి రెండు లైన్లు, అదీ ఆమె వచ్చి ఓదార్చడానికి. లెక్చరర్లకి మొహాలు లేవు. ఫీజు గురించి, హాస్టల్ గది గురించి, చదువయ్యాక ఏం చెయ్యాలన్న దాని గురించి ఎవరికీ టెన్షన్ లేదు. కాలేజీ తీసేసి అక్కడ ఒక ఆఫీసు పెట్టినా, ఒక రిసార్టు పెట్టినా కథలో అక్షరం మారదు.

మీకు ఎక్కడో ఏదో తగ్గిందని అనిపించింది ఇందువల్లే అనుకుంటున్నాను. మీరు ఇప్పుడు కాలేజీలోనే ఉన్నారు. అక్కడి రోజు ఎలా గడుస్తుందో మీకు తెలుసు. కాలేజీని నేపథ్యంగా ఎంచుకున్న రచయిత చేతికి ఎంత సరుకు ఊరికే వచ్చిపడుతుందో ఆలోచించండి. మీరు ఎంచుకోని మనుషుల మధ్య, మీరు వెయ్యని టైమ్‌టేబుల్ ప్రకారం, రోజూ కూర్చోవాలి. గొడవపడిన మనిషి మొహం మర్నాడు తొమ్మిదిన్నరకి మళ్ళీ చూడాలి, తప్పించుకోవడానికి లేదు. స్నేహితుల గుంపుకి అన్నీ తెలుస్తాయి, తెలియకూడనివి ఇంకా ముందు తెలుస్తాయి. అన్నిటికంటే పెద్దది, ఆఖరి రోజు ఎప్పుడో మొదటి రోజే తెలుసు. మూడేళ్ళో నాలుగేళ్ళో అయ్యాక తలో దిక్కూ వెళ్ళిపోవాలి. ఆ గడియారం మొదటి అధ్యాయం నుంచే నడుస్తూ ఉంటుంది. ప్రేమలో పడితే చదువు సంగతేమిటి, ఆమెకి ఒక చోట సీటొచ్చి అతనికి ఇంకో చోట ఉద్యోగమొస్తే ఎవరు వదులుకోవాలి అన్న ప్రశ్నలు వాటంతట అవే పుడతాయి. ఎవరో విలన్ వచ్చి కథ నడిపించక్కర్లేదు. కాలేజీ ప్రేమలో ఉన్న తియ్యదనానికీ దిగులుకీ కారణం ఈ గడువే. దాన్ని పక్కన పెట్టేస్తే ఇక మిగిలేది ఇద్దరు అందమైన మనుషులు, ఖాళీ సమయం.

చదువు, ప్రేమ ఒకదాన్లో ఒకటి ఎంతగా కలిసిపోవచ్చో చూడాలంటే డొరొతీ సేయర్స్ ‘గాడీ నైట్’ చదవండి. 1935లో వచ్చిన ఇంగ్లిష్ నవల. పైకి డిటెక్టివ్ కథ. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నట్టు కల్పించిన ఒక మహిళా కాలేజీలో ఎవరో రహస్యంగా చేస్తున్న దుర్మార్గపు పనుల గుట్టు తేల్చడానికి హ్యారియెట్ అనే పూర్వ విద్యార్థిని వస్తుంది. ఆమెను ఏళ్ళ తరబడి ప్రేమిస్తున్న పీటర్ తర్వాత వస్తాడు. పెళ్ళి చేసుకుంటే తన బుద్ధి, తన పని తనకి మిగులుతాయా అన్నది ఆమె భయం. ఆ భయం తీరాలంటే కాలేజీలో బతుకుతున్న ఆ చదువుకున్న ఆడవాళ్ళందర్నీ ఆమె చూడాలి, వాళ్ళతో వాదించాలి. ఆఖర్న పీటర్ పెళ్ళికి అడిగేది లాటిన్‌లో, యూనివర్సిటీ సభల్లో ఆమోదం అడగడానికి వాడే మాటతో. ఆమె జవాబూ ఆ సభల మాటే. అంటే, ‘నువ్వూ నేనూ ఇక్కడ సమానం’ అని ఆ ఒక్క మాటలోనే చెప్పాడు. సేయర్స్ ఆక్స్‌ఫర్డ్‌లో చదువు ముగించింది 1915లో. ఆడవాళ్ళకి ఆ యూనివర్సిటీ డిగ్రీలు ఇవ్వడం మొదలుపెట్టిన 1920లో గానీ ఆమె చేతికి డిగ్రీ రాలేదు. ఆ సంగతి తెలిసి చదివితే ఆ చివరి మాట ఎంత బరువైనదో అర్థమవుతుంది. ఆ సన్నివేశాన్ని ఇంకెక్కడికీ తీసుకెళ్ళలేం. ఆ చోటులోంచే పుట్టింది అది. మీ చేతిలో ఉన్న నవలలో అలా పుట్టింది లైబ్రరీ పెన్ను ఒక్కటే.

రెండో ఇబ్బంది కథ చెప్పిన పద్ధతిలో ఉంది. ఒక అధ్యాయం ఆమె చెబుతుంది, తర్వాతది అతను. అధ్యాయం పైన పేరు చూడకుండా చదవండి, ఎవరు మాట్లాడుతున్నారో పోల్చుకోలేరు. ఇద్దరివీ అవే మాటలు, అవే గుండెదడలు. దానికంటే పెద్ద నష్టం ఇంకోటుంది. ఇద్దరి మనసులూ మనముందు తెరిచి ఉన్నాయి కాబట్టి 90వ పేజీకే ఇద్దరికీ ఇష్టమని మనకి తెలిసిపోయింది. ఇక మిగిలిన 300 పేజీలు వాళ్ళని విడిగా ఉంచాలంటే బయటినుంచి ఏదో ఒకటి తెచ్చి అడ్డం పెట్టాలి. అందుకే పాత ప్రియురాలి అబద్ధం, సగం విన్న ఫోన్ సంభాషణ, ఎవరో పంపిన ఫోటో. వీటిలో ఒక్కదానికైనా “ఇది నిజమా?” అని ఒక్క ఫోన్ చేసి అడిగితే కథ అయిపోతుంది. అడగరు. ఎందుకు అడగరో రచయిత్రి దగ్గర కారణం లేదు, పేజీలు నిండాలి అంతే. అక్కడే పాఠకులకి నమ్మకం పోతుంది.

అపార్థం వాడకూడదని కాదు. 1813లో వచ్చిన జేన్ ఆస్టెన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నిలబడింది అపార్థం మీదే. అందులో హీరో డార్సీ మనసు గురించి అక్కడక్కడా చిన్న సూచనలు తప్ప, మనం ఎక్కువగా హీరోయిన్ ఎలిజబెత్ వైపునుంచే చూస్తాం. అతను పొగరుబోతని ఆమెతో పాటు మనమూ నిర్ణయించేసుకుంటాం. మొత్తం 61 అధ్యాయాల్లో 34వ అధ్యాయంలో అతను పెళ్ళికి అడుగుతాడు, ఆమె మొహం మీదే కాదంటుంది. ఆ మర్నాడే ఒక ఉత్తరం. ఆమె దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకుని, తప్పు తన చూపులో కూడా ఉందని తెలుసుకుని సిగ్గుపడుతుంది. అపార్థం అక్కడితో, దాదాపు పుస్తకం మధ్యలోనే, చాలావరకు తొలగిపోతుంది. మిగతా సగం ఇద్దరూ మారడానికి పడుతుంది. ఆ అపార్థం ఆమె స్వభావంలోంచి వచ్చింది, అతని స్వభావంలోంచి వచ్చింది. ఫోన్ ఉన్నా తీరేది కాదు.

ప్రతి అధ్యాయం చివరా ఒక షాక్ ఉండటం కూడా మిమ్మల్ని అలసగొట్టి ఉంటుంది. ముందుమాటలో రచయిత్రే రాసింది, ఈ కథ మొదట ఆన్‌లైన్‌లో వారానికో అధ్యాయంగా వచ్చిందని. వారం ఆగి చదివేవాళ్ళని మళ్ళీ రప్పించడానికి పెట్టిన ట్విస్టులు, ఒకే రోజు వరసగా చదివితే దెబ్బ మీద దెబ్బలా తగులుతాయి. సీరియల్‌గా రావడమే తప్పేం కాదు. డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ కూడా 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా వారపత్రికలో వచ్చిందే. సీరియల్‌ని పుస్తకంగా కుట్టేముందు ఎవరైనా ఒకసారి కూర్చుని కొట్టివేతలు చెయ్యాల్సింది. ఈ పుస్తకానికి ఆ పని జరగలేదు.

ఇప్పుడు మీ భయం గురించి. 190 పేజీల దగ్గర అతను ఆమె ఫోన్ లాక్కుని మెసేజ్‌లు చదువుతాడు. నోట్సు అడిగిన క్లాస్‌మేట్‌ని కొడతాడు. ఆమె ఏడుస్తుంది, ఆ వెంటనే తనని ఇంతగా ప్రేమించినవాళ్ళు ఎవరూ లేరని మురిసిపోతుంది. నాకూ అక్కడ పుస్తకం మూసేయాలనిపించింది. నవలలో మనుషులు తప్పులు చెయ్యవచ్చు, చెయ్యాలి కూడా. దుర్మార్గుడి ప్రేమ గురించి గొప్ప నవల రాయవచ్చు. నేను చూసేదేమిటంటే, అది తప్పని పుస్తకానికి తెలుసా లేదా అని. పుస్తకంలో ఒక్కరైనా దాన్ని గమనించారా? ఈ నవలలో ఒక్కరు గమనించారు. హీరోయిన్ రూమ్‌మేట్, నా దృష్టిలో పుస్తకం మొత్తంలో ప్రాణమున్న మనిషి ఆ అమ్మాయే, “అతను నీ ఫోన్ ఎందుకు చూశాడు?” అని సూటిగా అడుగుతుంది. తర్వాత 20 పేజీలకే రచయిత్రి ఆ అమ్మాయిని వేరే ఊరి కాలేజీకి మార్పించి పంపేస్తుంది. మీరింకా అక్కడికి రాలేదు, ముందే చెప్పేస్తున్నందుకు ఏమీ అనుకోకండి. అడిగిన ఒక్క మనిషినీ బయటికి పంపేయడం నాకు ఆ నవలలో అన్నిటికంటే బాధ కలిగించింది. లైబ్రరీలో పెన్ను జరిపిన కుర్రాడు ఫోన్ లాక్కునేవాడిగా ఎలా మారాడో కూడా ఎక్కడా లేదు.

కాబట్టి లోపం మీలో లేదు. కానీ మీ స్నేహితురాలి ఇష్టంలోనూ లోపం లేదు. లోకో భిన్నరుచిః అని ఊరికే సర్దిచెప్పడానికి అనడం లేదు. తను ఆ పుస్తకం చదివిన రోజులు వేరు. మనిషి వదిలేసి వెళ్ళిపోయాడు. అలాంటప్పుడు ఎన్ని గొడవలైనా చివరికి వదిలిపెట్టని మనిషి ఒకడున్న కథ కావాలి. ముగింపు ముందే తెలియడం మీకు విసుగైతే తనకి అదే ధైర్యం. ఆ నవల తనకి మంచి సాహిత్యం కానక్కర్లేదు, ఆ రాత్రులు గడిపించింది చాలు. తను మీతో ఆ మాట అనడం కూడా పుస్తకాన్ని వెనకేసుకురావడానికి కాకపోవచ్చు. తన బాధని మీరు చిన్నది చేస్తున్నారేమో అనిపించి ఉంటుంది.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. మీ వయసులో ఉన్నప్పుడు ఒక స్నేహితురాలు ఇచ్చిన నవల చదివి, ఇది చెత్త అని మొహం మీదే చెప్పాను. ఎందుకు చెత్తో కారణాలు కూడా చెప్పాను, ఆ కారణాలన్నీ సరైనవే. తను ఏమీ అనలేదు. చదువు పూర్తయ్యేదాకా నాతో మళ్ళీ పుస్తకాల ఊసెత్తలేదు. వాళ్ళ నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు మంచం పక్కన కూర్చుని చదివిన పుస్తకమట అది. నాకు ఆ సంగతి చాలా ఏళ్ళకి తెలిసింది. ఆ రోజు కారణాలు చెప్పేముందు, నీకిందులో ఏం నచ్చింది అని ఒక్క ప్రశ్న వేసి ఉండాల్సింది.

మీరు ఆ ప్రశ్న వెయ్యండి. నచ్చిందని అబద్ధం చెప్పొద్దు, తనకి వెంటనే తెలిసిపోతుంది. పుస్తకం బాగాలేదని మొదలుపెట్టొద్దు. లైబ్రరీ పెన్ను సన్నివేశం మీకు ఎంత నచ్చిందో చెప్పండి, అది నిజం కదా. తనకి ఏ పేజీ ఇష్టమో అడగండి. ఆ తర్వాత, ఫోన్ లాక్కున్న చోట నాకు భయమేసి ఆగిపోయాను అని మీ గురించి చెప్పండి, పుస్తకం గురించి తీర్పులా కాకుండా. ఇంకొక్క మాట. తనని వదిలి వెళ్ళిన అబ్బాయి ఎలాంటివాడో మీకు తెలుసు, నాకు తెలియదు. ఒకవేళ అతనూ ఫోన్లు చూసే రకమైతే, ఈ సంభాషణలో ఆ సంగతి బయటికి రావచ్చు. వస్తే పుస్తకం పక్కన పెట్టి వినండి. “చూశావా, నేను చెప్పలేదా” అనొద్దు.

పూర్తి చెయ్యాలా అంటే, అక్కర్లేదు. ఫ్రెంచ్ రచయిత డానియెల్ పెనాక్ చాలా ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పినవాడు. 1992లో ఆయన పాఠకుల హక్కులని పది రాశాడు. మొదటిది అసలు చదవకుండా ఉండే హక్కు, రెండోది పేజీలు దాటేసే హక్కు, మూడోది పుస్తకం పూర్తి చెయ్యకుండా వదిలేసే హక్కు. ఇన్ని నెలలు ఎదురుచూశాను కదా అన్న మొహమాటంతో ఇంకో 186 పేజీలు ఈడిస్తే, దాని తర్వాత తెరవబోయే మంచి పుస్తకం మీద కూడా విసుగొస్తుంది. ప్రేమ నవలలే మానేయాలేమో అన్న ఆలోచన వస్తే రానివ్వకండి. ఈసారి కొత్తది ఎంచుకునేటప్పుడు అట్ట వెనక రాసింది పక్కనపెట్టి, మధ్యలో ఎక్కడైనా ఒక నాలుగు పేజీలు చదవండి. హీరో హీరోయిన్లకి ఒకరి గురించి ఒకరు ఆలోచించడం కాకుండా ఇంకేదైనా పని ఉందా, ఆ పని వాళ్ళకి ముఖ్యమా అన్నది చూడండి. ఉంటే తీసుకోండి.

ఇక ఆ మిగిలిన సగం కథ. ముగింపు నేను ఇక్కడ కావాలనే చెప్పలేదు. మీ స్నేహితురాలు మూడుసార్లు చదివింది, తనకి కంఠతా వచ్చి ఉంటుంది. ఒక సాయంత్రం ఇద్దరూ తీరిగ్గా కూర్చుని, 214వ పేజీ తర్వాత ఏమైందో తననే చెప్పమనండి. ఎక్కడెక్కడ తన గొంతు మారుతుందో వింటూ ఉండండి.